ఇంటికి కబురు

డ్రైవింగ్ స్కూలు,
పాత బస్సు డిపో వెనక వీధి.
సోమవారం

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ పిల్లలిద్దరూ కులాసా. మొన్న ఆదివారం మా వంటింటి కప్పు కారుతోందంటే మీ అబ్బాయే ఎక్కి బాగుచేశాడు. అల్లుడి చేత చాకిరీ చేయిస్తావా అని మా అమ్మాయి నా మీద లేచింది. ఆయనగారేమో కిందికి దిగి చేతులు దులుపుకుని, "అత్తయ్యా, ఇంకేమైనా కారుతున్నాయా?" అని అడిగాడు. పెంపకం మీది కాబట్టి మెప్పు కూడా మీకే రాస్తున్నాను.

ఫోను మోగితే అన్నయ్యగారు బెదురుతారని మీరు చెప్పినప్పటినుంచీ నేను ఉత్తరాలకే అలవాటుపడ్డాను. ఒకందుకు ఇదే నయం. ఫోనులో మీరు ఆఁ, ఊఁలతో సరిపెట్టేస్తారు. ఆయన మతిమరుపు ఎలా ఉంది? సముద్రపు గాలి ఏమైనా పనిచేస్తోందా? పెళ్ళయిన నెల తిరక్కుండానే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వియ్యపురాలితో నాలుగు పోట్లాటలైనా పెట్టుకునే అవకాశం ఇవ్వలేదు నాకు.

ఇక అసలు సంగతి. మా నగర పోలీసులకు పౌరుల సలహా సంఘం అని ఒకటి పెట్టారు. అందులో నన్ను వేశారు. నవ్వకండి. ఎనిమిది మందిమి. పెద్ద దిక్కు రిటైరైన హెడ్మాస్టారు. ఒక డాక్టరు ఉన్నాడు, ఒక కాలేజీ పిల్ల ఉంది, మిగిలినవాళ్ళం వ్యాపారస్తులం. మునిసిపల్ ఆఫీసు మేడ మీద గదిలో కూర్చుంటాం. బల్లకు ఒక కాలు పొట్టి. మొదటి రోజు కమిషనరుగారు వచ్చి ఎంతో మర్యాదగా, "మీరు ఏ సలహా అయినా ఇవ్వచ్చు. అమలు చేయాలా వద్దా అన్నది మేం చూసుకుంటాం" అన్నారు.

నేను నేర్పే కార్లో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా. అందుకే పిల్లలు నాకు బ్రేకులమ్మ అని పేరు పెట్టారు. ఈ సంఘంలో మాకు స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. వెనక సీట్లో కూర్చుని "మెల్లగా బాబూ" అనడమే. అయినా నాకు హుషారుగానే ఉంది. పోలీసులను ఏం అడగాలో మీకేమైనా తోస్తే రాయండి. మీరు మందుల షాపులో ఇన్నేళ్ళు నిలబడి రకరకాల మనుషుల్ని చూసినవారు.

ఉంటాను,
మీ వదిన


మందుల షాపు,
సముద్రం వీధి.
శుక్రవారం

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం. పిల్లలు బాగున్నారంటే అంతకన్నా ఏం కావాలి.

మీ అన్నయ్యగారు బాగానే ఉన్నారు. మధ్యాహ్నం పూట నాతోపాటు షాపుకు వచ్చి కౌంటరు వెనక కుర్చీలో కూర్చుంటారు. ఖాళీ మందు పెట్టెలు ఇస్తే వరసగా పేరుస్తారు.

పోలీసుల వ్యవహారం గురించి అడిగారు. నాకేం తెలుస్తుంది. అడిగారు కాబట్టి చెబుతున్నాను, అలాంటివాటిలో మనకెందుకండీ. మీరు ఒంటిచేత్తో స్కూలు నడుపుకుంటున్నారు, రేపు రోడ్డు మీద వాళ్ళతోనే పని పడుతుంది. ఆలోచించుకోండి.

ఇక్కడ ఎండలు ముదిరాయి.

మీ వదిన


డ్రైవింగ్ స్కూలు.
గురువారం

వదినగారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను. మా అమ్మాయి కనిపెట్టి, "అత్తయ్య ఏమన్నా అన్నారా?" అంది. "ఏమీ అనలేదు, అదే బాధ" అన్నాను. ఇప్పుడు తగ్గింది. మీరు నా మంచికే చెప్పారు. కానీ ఒకసారి కారెక్కాక దారి మధ్యలో దిగడం నాకు చేతకాదు.

ఈ వారం సంఘంలో ముగ్గురిని పోలీస్ స్టేషన్ చూడటానికి పంపారు. డిపో పక్కనున్నదే. ఇన్నేళ్ళు దాని ముందు నుంచి పిల్లలకు గేర్లు మార్చడం నేర్పాను గానీ లోపలికి అడుగుపెట్టింది లేదు. గుమ్మంలోనే పెద్ద బల్ల, దాని వెనక ఒక పొట్టి హెడ్ కానిస్టేబుల్. బొంగురు గొంతు, మాట మాత్రం మెత్తన. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఎవరినైనా లోపల పెట్టేముందు ఏం చేస్తారో చెప్పమన్నాం. వాచీ, బెల్టు, చెప్పులు, డబ్బులు తీసి మూటగట్టి రాసుకుంటామన్నాడు.

"మరి వాళ్ళింట్లో వాళ్ళకు ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"ఎలాగోలా తెలుస్తుందమ్మా. వెతుక్కుంటూ వస్తారు."

పొగరుగా అన్న మాట కాదు వదినగారూ. వానొస్తే తడుస్తాం అన్నట్టు అన్నాడు. ఆయన మోచేతి పక్కనే ఫోనుంది. నాకు ఆ ఫోను మీద నుంచి చూపు మరలలేదు. మనిషిని లోపల పెట్టిన గంటలోపు ఇంటికి ఒక కబురు చెయ్యాలి అని సంఘంలో ప్రతిపాదిద్దామనుకుంటున్నాను. పెద్ద విప్లవమేం కాదు. చేయిజాపితే అందే పని.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

మీ వదిన


మందుల షాపు.
ఆదివారం

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజే జవాబు రాస్తున్నాను.

ఆ ప్రతిపాదన మంచిది. దాన్ని వదలకండి. నావి కొన్ని ప్రశ్నలు ఉన్నాయి, వీలైతే అడగండి. మనిషి తన పేరు చెప్పలేకపోతే వాళ్ళేం చేస్తారు? తాగాడని ఎలా తేలుస్తారు, వాసన చూస్తారా, డాక్టరుకు చూపిస్తారా, లేక చూపులతోనే తేలుస్తారా? చొక్కా మీద ఏమైనా రాసుంటే చదువుతారా? ఆ సిమెంటు అరుగు మీద ఇప్పుడైనా దుప్పటి వేస్తున్నారా? కిటికీ మరీ ఎత్తులో ఉంటుంది, లోపల కూర్చున్నవాళ్ళకు పొద్దుపోయిందో తెల్లారిందో తెలియదు. పెద్దవయసు వాళ్ళకు అది చాలా కష్టం.

ఆ బొంగురు గొంతు ఆయన ఇంకా అక్కడే ఉన్నాడన్నమాట.

ఇక్కడ అందరం క్షేమం.

మీ వదిన


డ్రైవింగ్ స్కూలు.
బుధవారం

వదినగారికి,

మీ ప్రశ్నలన్నీ మీటింగులో అడిగాను. ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. చివరికి కమిషనరుగారు నవ్వుతూ, "ఇన్నేళ్ళలో ఈ విషయం మీద మాకు ఒక్క ఫిర్యాదు రాలేదమ్మా. లేని జబ్బుకు మందెందుకు?" అన్నారు. హెడ్మాస్టారు తలాడించారు. అడగందే అమ్మయినా పెట్టదు, నిజమే. కానీ అడగాల్సినవాళ్ళు లోపలుంటే ఎవరు అడుగుతారు? వచ్చే నెల మీటింగులో చేతులెత్తించి తేలుస్తామన్నారు. ఇలాగే ఉంటే ఓడిపోతాం.

ఇంకో మాట. అరుగు మీద దుప్పటి లేదని గానీ, కిటికీ ఎత్తులో ఉందని గానీ నేను మీకు రాయలేదు. ఆ లోపలి గది నేనే సరిగ్గా చూడలేదు. మీరు చెప్పాక మళ్ళీ వెళ్ళి చూశాను. మీరు రాసినట్టే ఉంది.

నేనేమీ అడగడం లేదు. మీకు చెప్పాలనిపిస్తే చెప్పండి. లేకపోతే ఎండల గురించే రాయండి, దానికీ జవాబు రాస్తాను.

మీ వదిన


మందుల షాపు.
మంగళవారం

వదినగారికి,

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

మీ అన్నయ్యగారు ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపారని మీకు తెలుసు. రిటైరైన రెండేళ్ళకు మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు, తరవాత మనుషుల పేర్లు. మీతో సంబంధం కుదిరేనాటికి దారులు కూడా మరిచిపోతున్నారు. నేను ఆయన ప్రతి చొక్కా కాలరు లోపల మా ఫోను నంబరు దారంతో కుట్టి ఉంచాను.

పెళ్ళికి ఇంకా మూడు వారాలుంది. అబ్బాయి ఆఫీసు పని మీద ఊరు వెళ్ళాడు. నేను పొద్దున షాపుకు వెళ్ళి వచ్చేసరికి తలుపు తీసే ఉంది, ఆయన లేరు. తిన్నగా డిపోకు వెళ్ళి, ఆగి ఉన్న బస్సెక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నారట. కొత్త వాచ్‌మన్‌కు ఆయనెవరో తెలియదు. దిగమంటే దిగలేదు. పోలీసులను పిలిచాడు. పేరేంటని అడిగితే "ఎనిమిదో నంబరు" అన్నారట. అది ఆయన రూటు. ఆ వారం కళ్ళకలక వచ్చి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడక తూలుతోంది. తాగాడనుకున్నారు. వాచీ తీశారు, బెల్టు తీశారు. కాలరు ఎవరూ చూడలేదు.

నేను ఆ రోజంతా ఆసుపత్రులు తిరిగాను. రైల్వే స్టేషనుకు వెళ్ళాను. చేతిలో ఫోను పట్టుకునే తిరిగాను, ఎవరో ఒకరు కాలరు చూసి చేస్తారని. ఆ పోలీస్ స్టేషను ఎదుటి ఫుట్‌పాత్ మీద నుంచే రెండుసార్లు నడిచాను వదినగారూ. లోపలికి వెళ్ళలేదు. పోలీస్ స్టేషనులో ఆయనకేం పని అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం డిపోలో బస్సులు కడిగే అతను, పాత మనిషి, వాచ్‌మన్ మాటలు విని గుర్తుపట్టి మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. వెళ్ళి చూస్తే ఆ సిమెంటు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ప్యాంటు తడిసిపోయి ఉంది. రెండు చేతులూ ఎదర పెట్టుకుని స్టీరింగు తిప్పుతున్నారు. నేను పిలిస్తే నావైపు చూసి, "దిగండమ్మా, ఇదే ఆఖరి స్టాపు" అన్నారు.

కొట్టలేదు, తిట్టలేదు. అది చెప్పకపోతే పాపం. నీళ్ళిచ్చారు, రొట్టె ఇచ్చారు. ఆ బొంగురు గొంతు ఆయన వాచీ నా చేతిలో పెట్టి, "ముందే వచ్చుంటే ముందే పంపేవాళ్ళం కదమ్మా" అన్నాడు. నేను రాకపోవడమే తప్పన్నట్టు.

అబ్బాయికి చెప్పలేదు. మీకూ చెప్పలేదు. మీరప్పటికి నాకు వదిన కాదు, పెళ్ళికూతురి తల్లి. మామగారు తాగి లాకప్పులో పడ్డాడన్న మాట పెదవి దాటితే పృథివి దాటుతుంది. తాగలేదని ఎంతమందికి చెప్పుకోను? తాగలేదు, మతి లేదు అని చెబితే అది మాత్రం మేలా?

ఆ తరవాత ఆయన బస్సు చప్పుడు వింటే మంచం దిగేవారు కాదు. అందుకే సిటీ బస్సులు తిరగని ఈ ఊరు. గాలి మార్పు అన్నది నా కల్పన. ఇంకో కల్పన కూడా ఉంది. ఫోను మోగితే బెదిరేది ఆయన కాదు. నేను.

మీ వదిన


డ్రైవింగ్ స్కూలు.
శనివారం

వదినా,

గారు తీసేశాను. ఏమనుకోకు.

నీ ఉత్తరం కార్లో కూర్చుని చదివాను. పక్క సీట్లో నేర్చుకోవడానికొచ్చిన అమ్మాయి స్టీరింగు పట్టుకుని నా ముఖం చూస్తూ ఉండిపోయింది. ఈ రోజుకు వద్దమ్మా అని పంపేశాను. ఆ వారమే నేను పెళ్ళి కార్డులు పంచుతూ ఆ స్టేషన్ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో.

అప్పుడే చెప్పి ఉంటే సంబంధం వదులుకునేదాన్ని కాదు అని రాయాలని కలం పట్టాను. చేయి కదల్లేదు. వదులుకునేదాన్నో కాదో నాకు తెలియదు. భయపడేదాన్ని మాత్రం నిజం. నా తోడికోడలి దగ్గర సలహా అడిగేదాన్ని, ఆవిడ ఊరంతా చాటేది. నువ్వు దాచిపెట్టి నన్ను ఆ పరీక్షలోంచి తప్పించావు. దానికి నీకు థాంక్స్ చెప్పాలో, నీ మీద కోప్పడాలో తేల్చుకోలేకపోతున్నాను.

నిన్న స్టేషనుకు వెళ్ళాను. నీ మాట ఎత్తలేదు. "తాగనివాణ్ణి తాగాడని ఎప్పుడైనా పెట్టారా?" అని ఆ బొంగురు గొంతు హెడ్డుగారిని అడిగాను. చాలాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు. అప్పుడన్నాడు, "ఒకాయన ఉండేవారమ్మా. డ్రైవరు. వాసన రాలేదు. అది అప్పుడే తట్టాల్సింది. డ్యూటీ మారేటప్పుడు తరవాతవాడికి 'తాగుబోతు, మత్తు దిగాక పంపెయ్' అని చెప్పి ఇంటికెళ్ళిపోయాను. మర్నాడు వస్తే ఆయన ఇంకా అక్కడే ఉన్నారు." కాగితాలు వదిలేసి, "బతికే ఉన్నారా?" అని అడిగాడు. తలూపాను. నన్ను క్షమించు, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

ఇంటివాళ్ళు ఎవరైనా వచ్చి మాట్లాడితే తనూ లేచి జరిగింది చెబుతానన్నాడు. ఒంటరిగా చెబితే పైవాళ్ళు నోరు మూయిస్తారట. నిన్ను రమ్మని నేను అడగను. అడిగే హక్కు నాకు లేదు. జరిగిన మాట నీకు చేరాలని రాశానంతే.

నీ వదిన


మందుల షాపు.
సోమవారం

వదినా,

నువ్వు తీసేస్తే నేనుంచుతానా.

అబ్బాయిని రమ్మని కబురు పెట్టాను. శనివారం వచ్చాడు. నీకేం చెప్పి వచ్చాడో తెలియదు. అంతా చెప్పాను. "నాన్న లాకప్పులో ఉంటే నాకు చెప్పకుండా నాకు పెళ్ళి చేశావా?" అన్నాడు. అన్నం దగ్గర నుంచి లేచి వెళ్ళి సముద్రం ఒడ్డున తిరిగి వచ్చాడు. పొద్దున లేచేసరికి వాళ్ళ నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం గీస్తున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని గడ్డం ఎత్తి పెట్టారు. వీడెవరో ఆయనకు తెలియదు, కానీ చేయి మంచిదని తెలిసినట్టుంది. వెళ్ళేటప్పుడు, "మీటింగుకు నేను తీసుకెళతానమ్మా" అన్నాడు.

వస్తాను. ఒక్కటే షరతు. ఎవరి ఉద్యోగమూ తియ్యమని నా నోట అనిపించకు. క్షమాపణ పత్రాలు నాకక్కర్లేదు. నాకు ఫోను కావాలి.

మాట్లాడి మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చేస్తాను. షాపు యజమాని భార్య ఆయన్ని సాయంత్రం దాకా చూస్తానంది.

నీ వదిన


డ్రైవింగ్ స్కూలు.
ఆదివారం

వదినా,

నువ్వు బస్సు అందుకోవాలని వెళ్ళిపోయావు. తరవాత జరిగింది రాయడం ఇంత ఆలస్యమైంది, కమిషనరుగారి జవాబు కోసం ఆగాను.

నువ్వు మాట్లాడుతున్నంతసేపూ ఆయన పెన్ను తిప్పుతూ ఉన్నాడు. ఎదుటి ఫుట్‌పాత్ మాట చెప్పినప్పుడు కింద పెట్టాడు. నువ్వు చూశావో లేదో. నువ్వు గుమ్మం దాటగానే హెడ్డుగారు యూనిఫాంలోనే లేచి నిలబడ్డాడు. కమిషనరు, "నీ సంగతి తరవాత, కూర్చో" అన్నాడు. ఆయన కూర్చోలేదు. "ఆ రోజు బల్ల దగ్గర ఉన్నది నేనే సార్" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. డాక్టరు తప్ప అందరం చేతులెత్తాం. డాక్టరు పోలీసులకు పని పెరుగుతుందన్నాడు. హెడ్మాస్టారు రెండు చేతులూ ఎత్తబోయి ఒకటి దించుకున్నారు.

రెండు వారాలకు జవాబొచ్చింది. అందరికీ కాదట. ముసలివాళ్ళు, పిల్లలు, జబ్బుమనుషులు, పేరు చెప్పలేనివాళ్ళు, వీళ్ళకు మాత్రమే ఇంటికి ఫోను. అది కూడా "వీలైనంత త్వరగా" అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. నా దగ్గర నేర్చుకునేవాళ్ళు బ్రేకు వేసేది కూడా వీలైనంత త్వరగానే. వెళ్ళి ఆయన గది బయట బెంచీ మీద కూర్చున్నాను. పిలిచేదాకా కూర్చున్నాను. "గంటలోపు" అన్నది మళ్ళీ రాయించుకుని వచ్చాను. కాలరు, జేబులు చూడాలన్నది కూడా. మిగిలిన సగం, అందరి ఇళ్ళకూ అన్నది, రాలేదు. దానికోసమే సంఘంలో ఉంటున్నాను. మా అమ్మాయి అంటోంది, ఇక నీకు బ్రేకు లేదని.

హెడ్డుగారికి మెమో ఇచ్చారు. ఇచ్చిన చేత్తోనే, మిగిలిన స్టేషన్లలో వాళ్ళకు ఈ ఫోను ఎలా చెయ్యాలో నేర్పే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. ఆయన నన్ను నీ నంబరు అడిగాడు. ఎందుకని అడిగితే సిగ్గుపడి చెప్పలేదు. ఇవ్వమంటావా? వద్దంటే వద్దు.

అన్నయ్యకు నా నమస్కారాలు. నేనెవరో తెలియకపోయినా ఫరవాలేదు, చెప్పు.

నీ వదిన


మందుల షాపు.
గురువారం

వదినా,

ఇవ్వమని కార్డు రాశాను కదా, నువ్వు నంబరు ఇచ్చిన మర్నాడే ఆయన ఫోను చేశాడు. షాపులో ఎవరూ లేరు. మీ అన్నయ్య నా వెనక కుర్చీలో పెట్టెలు పేరుస్తున్నారు. ఈ మధ్య ఆయన వాటిని ఒకదాని వెనక ఒకటి బారుగా పెట్టి, ముందున్నదాన్ని మెల్లగా నెడుతున్నారు. అన్నీ కదిలితే నవ్వుతున్నారు.

హెడ్డుగారు చాలాసేపు నమస్కారాలతోనే గడిపాడు. ఆఖరుకు చెప్పాడు. "రేపు ఇరవై మంది కానిస్టేబుళ్ళకు నేర్పాలమ్మా. ఫోను చెయ్యమని చెప్పగలను. చేసి మొదట ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు. మీకు ఆ రోజు ఫోను వచ్చుంటే ఏం వినాలనుకునేవారో చెబుతారా?"

నేను స్టూలు మీద కూర్చున్నాను. "ముందు మీరు ఎలా చెబుతారో చెప్పండి" అన్నాను.

"అమ్మా, నేను పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాను" అని మొదలుపెట్టాడు.

ఆపాను. "ఆ మాట ముందు వింటే అవతల మనిషికి తరవాతిదేదీ వినబడదు. మనిషి బాగున్నాడని ముందు చెప్పండి. స్టేషను సంగతి తరవాత."

రాసుకుంటున్నట్టున్నాడు, కాగితం చప్పుడైంది. మళ్ళీ చెప్పాడు. ఈసారి మరీ గబగబా చెప్పాడు. నిదానంగా చెప్పమన్నాను. గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు ఎంత సవరించినా బొంగురే.

"అమ్మా, మీవారు క్షేమంగా ఉన్నారు. ఇక్కడ మా దగ్గర ఉన్నారు, స్టేషనులో. ఏ తప్పూ చెయ్యలేదు. కంగారుపడకుండా రండి. మీరొచ్చేదాకా నేను ఆయన పక్కనే కూర్చుంటాను."

ఆ ఆఖరి మాట నేను చెప్పింది కాదు. ఆయనే కలిపాడు.

"బాగుందా అమ్మా? ఏమైనా మార్చాలా?" అని అడిగాడు.

మార్చడానికేం లేదు వదినా, సరిగ్గానే చెప్పాడు. అయినా ఇంకొక్కసారి చెప్పమన్నాను.

చెప్పాడు.

నీ వదిన